వేసవియు గత్తరభయమును



రోహిణీకార్తె యెండలు ముదిరి, బావులలో నీరడుగంటి, మామిడిపండ్ల బుట్టలపై నీగలు ముసురుకొను దినములు వచ్చినవి. ఈ దినములలో మన యిండ్లయందు పెద్దలనోట తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. "బయట నీళ్లు తాగకురా, వాంతులు పట్టుకుంటాయి" అని. పెండ్లికి పోవు కుమారునకు తల్లి చెప్పును. తిరునాళ్లకు పోవు మనుమనికి తాత చెప్పును. చెప్పువారికిని వినువారికిని ఆ వ్యాధియొక్క పేరు సరిగా తెలియకపోవచ్చును. భయము మాత్రము తెలియును. ఈ భయము మనకెక్కడినుండి వచ్చినది? అది మనకు మేలు చేసినదా, కీడు చేసినదా? ఈ ప్రశ్నలనుగూర్చి నేను చదివిన దానిని, మా యింట విన్న దానిని మీకు విన్నవించుటకు పూనుకొనుచున్నాను.

ముందుగా మాటలను పరిశీలింతము. ఒక జాతి దేనికి భయపడినదో ఆ జాతి భాషయే చెప్పును. వాంతులు, విరేచనములు ఒక్కుమ్మడి పట్టుకొని మనుష్యుని కొలది గడియలలో హరించు వ్యాధికి మనవారు పెట్టిన పేర్లెన్నో కలవు. శాస్త్రములయందు విషూచి, విషూచిక. పల్లెలయందు మరిడి, గత్తర, వాంతిభేదులు. ఇంగ్లీషువారివలన వచ్చినది కలరా. తెలంగాణమున గత్తర యను మాట వ్యాధిని దాటి ముందునకు పోయినది. తొట్రుపాటుతో, దిక్కుతోచక చేయు పనిని అచ్చట గత్తరబిత్తర యందురు. అనగా వ్యాధి పోయినను, అది వచ్చిననాడు జనులు పడిన కంగారు మాత్రము భాషలో నిలిచిపోయినది. కోపము వచ్చిన ముసలమ్మలు తిట్టు తిట్లలో కూడ ఈ వ్యాధికి చోటు దొరకినది. తిట్టుగా మారిన వ్యాధి సామాన్యమైనది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

విషూచి యను పేరులో సూచి, అనగా సూది, యున్నది. ఒడలెల్ల సూదులతో గ్రుచ్చినట్లు బాధించునది గావున నా పేరు వచ్చెనని మన ప్రాచీనవైద్యులు చెప్పిరి. చరకసంహితలో విమానస్థానమునందును, సుశ్రుతసంహితలో ఉత్తరతంత్రమునందును దీని ప్రసంగము కలదు. యోగవాసిష్ఠమున కర్కటి యను రాక్షసి కథ యున్నది. ఆమె తీరని యాకలిచే తపస్సుచేసి, సూదిరూపమును పొంది, విషూచికయై, చెడ్డ తిండి తినువారి శరీరములలో ప్రవేశించుచు జీవించునట. కథయే గాని, దానిలో నొక సూక్ష్మమున్నది. కంటికి కనబడనంత సన్ననిది, లోపల ప్రవేశించునది, తిండితో సంబంధము కలది - అని మాత్రము ఆ కథకుడు గ్రహించెను.

అయితే ప్రాచీనగ్రంథములలోని విషూచియు, తరువాత ప్రపంచమును గడగడలాడించిన కలరాయు నొక్కటియేనా యన్నచో, అన్నివేళల నొక్కటి కాదు. అజీర్ణమువలన కలుగు తీవ్రమైన వాంతిభేదులకెల్ల నా పేరు చెల్లినది. దేశములకు దేశములను తుడిచిపెట్టిన మహమ్మారి చరిత్ర 1817వ సంవత్సరమునుండి యారంభమగుచున్నది. ఆ సంవత్సరము వంగదేశమునందలి జెస్సూరు పట్టణమున వ్యాధి చెలరేగెను. నవంబరు మాసమునకు బుందేలుఖండమునందు విడిసియున్న గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు సైన్యమున ప్రవేశించి వేలకొలది మందిని చంపెను. మఱుసటి యేడు దక్షిణాపథమునకు దిగెను. సైన్యములు, వర్తకుల బండ్లు, యాత్రికులు నడచిన బాటలనే అదియు నడచెను. చెన్నపురి రాజధానిలో అది చేసిన విధ్వంసమునుగూర్చి విలియం స్కాటు అను వైద్యుడు 1824లో నొక పెద్ద నివేదికను ప్రకటించెను.

ఆ వ్యాధికి చిన్న పెద్ద యను తారతమ్యము లేదనుటకు మన సీమలోనే యొక నిదర్శనము కలదు. సర్ థామస్ మన్రో పేరు రాయలసీమవారికి చెప్పనక్కఱలేదు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగా నుండి, 1820లో చెన్నపురికి గవర్నరైనవాడు. పదవి చాలించుకొని స్వదేశమునకు పోవుటకు ముందు, తాను పనిచేసిన సీమను కడసారి చూచి పోవలెనని 1827 వేసవిలో బయలుదేరెను. దారిలో పరివారమునకు కలరా సోకెను. జూలై 6వ తేదీన, కర్నూలు మండలమునందలి పత్తికొండ వద్ద ఆయనకును సోకెను. ఉదయమున సోకిన వ్యాధి చీకటిపడిన కొంతసేపటికే ప్రాణము గొనిపోయెను. గుత్తిలో ఖననము చేసిరి. తరువాత అస్థికలను చెన్నపురి కోటలోని దేవాలయమునకు తరలించిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థముగా ప్రభుత్వమువా రొక తోపు వేయించి, రాతిమెట్లతో నొక బావి కట్టించిరి. ప్రాణము తీసిన వ్యాధి నీటిద్వారా వచ్చునని నాడెవరికిని తెలియదు. తెలిసియున్నచో ఆ బావిని దిగుడుబావిగా కాక, ఎవరును కాలు పెట్టరాని చేదబావిగా కట్టించియుందురేమో!

తెలియనిదానికి మనుష్యుడు భయపడినప్పుడు ఏమి చేయును? రెండు పనులు చేయును. ఒకటి, దైవమును శరణువేడును. రెండవది, ఎవరిపైనైన నేరము మోపును.

మొదటిది మనకు బాగుగా తెలిసినదే. గ్రామదేవతలకు జాతరలు చేసి, పొలిమేరలయందు పొలి చల్లి, అమ్మవారిని బండిపై నూరు దాటించి సాగనంపుట మన పల్లెలయందు ఆచారముగా నుండెను. పెద్దాపురమున మరిడమ్మ తల్లికి ఆషాఢమున జరుగు జాతర నేటికిని ప్రసిద్ధము. ఆమె పేరులోనే మరిడి యున్నది. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళినిగూర్చి యొక యైతిహ్యము కలదు. 1813లో జంటనగరములయందు మహమ్మారి చెలరేగగా, సైన్యమున పనిచేయుచు ఉజ్జయినియందున్న యొక భక్తుడు తన ఊరివారు బ్రదికినచో అమ్మవారిని ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి ఆ మ్రొక్కు చెల్లించెనని చెప్పుదురు. ఈ జాతరలను, బోనములను నేను పరిహసింపజాలను. మందులేని కాలమున, ఊరంతయు చెదరిపోకుండ నొక్కచోట నిలుపుటకు వారికదియే యాధారము. అయితే అమ్మవారి బండిని పొలిమేర దాటించినప్పుడు, ఆవలి యూరివారు కఱ్ఱలు పట్టుకొని యడ్డగించుటయు కలదు. ఒక యూరి భయము మఱియొక యూరికి తగవైనది.

రెండవది, నేరము మోపుట. దీనికి నాగరకదేశములని పేరుపొందినవి కూడ తీసిపోలేదు. 1831లో రష్యా రాజధాని యైన సెయింటు పీటర్సుబర్గులో వైద్యులే విషము పెట్టుచున్నారని జనులు ఆసుపత్రిపై బడిరి. ఆ యేడే హంగరీ ఉత్తరభాగమున, జమీందారులును అధికారులును బావులలో విషము కలుపుచున్నారను వదంతిచే రైతులు తిరుగబడిరి, పెక్కుమంది హతులైరి. 1832లో పారిసు వీథులలో, విషము చల్లువారను అనుమానముతో నిరపరాధులను జనులు కొట్టిచంపిరి. భయము దారి గానక తిరుగుచున్నంతకాలము, దానికి దొరకిన మొదటి మనుష్యుడే శత్రువు.

ఇక ఈ వ్యాధికిని వేసవికిని సంబంధమేమి? ఎండయే వ్యాధికి కారణమని మన పెద్దలనుకొనిరి. అది పూర్తిగ నిజము కాదు. పూర్తిగ నబద్ధమును కాదు. వేసవిలో చెరువు ఇంకిపోవును. వంద కడవలు ముంచిన చోట పది కడవల నీరు మిగులును. ముంచు చేతులు మాత్రము తగ్గవు. ఆ కొలదినీటిలోనే బట్టలుతుకుట, పశువులను కడుగుట, మనుష్యులు త్రాగుట. వండిన పదార్థము ఎండవేడికి త్వరగ చెడి, అందు సూక్ష్మజీవులు వేగముగ పెరుగును. పిమ్మట మృగశిరకార్తెలో తొలకరి కురియగనే, వేసవి యంతయు గట్లపై పేరుకొనియున్న మాలిన్యము కొట్టుకొని వచ్చి ఆ మిగిలిన నీటిలో కలియును. గోదావరీమండలముల వారికి మఱియొక యనుభవము కలదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై, కాలువలు పాఱి, ఆ సీమ అన్నపూర్ణ యైనది. కాని మరమ్మతులకై వేసవిలో కాలువలు కట్టివేయుదురు. నిలువచేసిన మంచినీళ్ల చెరువే యప్పుడు ఊరికి దిక్కు. మరల కాలువకు క్రొత్తనీరు వదలినప్పుడు, పైయూళ్ల మాలిన్యము నంతయు మోసికొని, అది క్రిందియూళ్ల కడవలలో ప్రవేశించును. క్రొత్తనీరు వచ్చిన పది దినములు కాచి త్రాగుమని మా యూరి పెద్దలు చెప్పెడివారు. శాస్త్రము తెలియదు, అనుభవము తెలియును.

శాస్త్రమెప్పుడు తెలిసినది? దానికై లండను నగరమునకు పోవలెను. 1854 ఆగస్టు కడపట, ఆ నగరమునందలి సోహో పేటలో, బ్రాడ్ వీథి పరిసరములయందు పది దినములలో అయిదువందలకు పైగా జనులు కలరాచే మృతినొందిరి. చెడుగాలివలన వ్యాధి వచ్చునని నాటి వైద్యుల విశ్వాసము. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము నీటివలననే వచ్చునని 1849 నుండియు చెప్పుచుండెను, వినినవారు లేరు. ఇప్పుడాయన ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారు ఏ నీరు త్రాగిరో విచారించెను. వీథిలోని చేతిపంపు నీరు త్రాగినవారే ఎక్కువగ చనిపోయిరి. ఆ వీథిలోనే యున్న బీరు బట్టీలో పనిచేయువారు, తమకిచ్చు పానీయమునే గాని ఆ నీటిని ముట్టకపోవుటచే, దాదాపు క్షేమముగ నుండిరి. దూరమున హాంప్‌స్టెడ్‌లో నివసించు నొక వితంతువు, ఆ నీటి రుచి నచ్చి రోజూ సీసాతో తెప్పించుకొనుటచే, అంతదూరమునను చనిపోయెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీసివేయించిరి. నిజము చెప్పవలెనన్నచో, జనులు పేట విడిచి పారిపోయినందున వ్యాధి అప్పటికే తగ్గుముఖము పట్టియుండెను. అయినను సత్యము తేలినది. స్నో మాటను ఖండింపవలెనని బయలుదేరిన వైట్‌హెడ్ అను యువపురోహితుడే, విచారించి విచారించి, స్నో చెప్పినది నిజమని ఒప్పుకొనెను. తన పక్షము తప్పని తెలిసినప్పుడు ఒప్పుకొనుట పాండిత్యమునకు భూషణము; అది మతాచార్యునియందు కనబడుట నాకు మిక్కిలి సంతోషము.

ఆ యేడే ఇటలీలో పచీనీ యను వైద్యుడు సూక్ష్మదర్శినితో ఆ క్రిమిని చూచెను, ఎవరును లెక్కచేయలేదు. 1883లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాఖ్ మొదట ఈజిప్టులోను, పిమ్మట మన కలకత్తాలోను పరిశోధించి, 1884లో ఆ క్రిమిని నిర్ధారించెను. కలకత్తాలో జనులు స్నానము చేసి, బట్టలుతికి, త్రాగుచున్న యొక చెరువు నీటిలోనే ఆయనకది దొరకినది. నాటితో భయమునకొక చిరునామా దొరకినది. భయపడవలసినది గాలికి కాదు, పొరుగువానికి కాదు, పొలిమేరకు కాదు. మలము కలిసిన నీటికి, ఈగ వ్రాలిన తిండికి, కడుగని చేతికి.

శ్రోతలారా! చరిత్ర యింతటితో ముగిసినచో ఎంత బాగుండెడిది! వ్యాధి ఎట్లు వచ్చునో తెలిసినది గాని, వచ్చినవానిని బ్రదికించుట తెలియలేదు. ఇచ్చట మా యింటి కథ యొకటి చెప్పవలసియున్నది.

మా మాతామహి గోదావరి కాలువ యొడ్డున నొక గ్రామమున పుట్టినది. ఆమెకు ఏడేండ్ల చెల్లెలుండెడిది. ఒక వేసవిలో ఆ పిల్లకు గత్తర సోకినది. వాంతులు, భేదులు పెట్టుకొన్న రోగికి నీరియ్యరాదని ఆనాటి విశ్వాసము. పోసినదంతయు పోవుచున్నది గదా, మఱల పోసినచో మఱింత పోవునని వారి తర్కము. తలుపు వేసి, ఆ బిడ్డను పడుకొనబెట్టి, పెద్దలందఱు చుట్టు కూర్చుండిరి. మా అమ్మమ్మ తొంబదేండ్లకు సమీపించి, పేర్లన్నియు మఱచిపోయిన తరువాత కూడ ఈ యొక్క సంగతిని మఱువలేదు. "దాహం దాహం అని ఏడ్చిందిరా. ఇస్తే పోతుందన్నారు. ఇవ్వకపోయినా పోయింది" అనెడిది. అంతకుమించి యొక్క మాటయు చెప్పెడిది కాదు. వారందఱును ఆ బిడ్డను ప్రాణముగ ప్రేమించినవారే. చెంతనే కడవనిండ కాచిన నీరున్నది. ప్రేమయు నున్నది, నీరును ఉన్నది. రెంటికి నడుమ భయము కూర్చున్నది.

ఈ తప్పు మా పెద్దలొక్కరిది కాదు. ఐరోపాఖండమునందలి వైద్యులు కూడ కలరారోగికి నీరు నిరాకరించిరి. అంతటితో ఊరకుండక నరము కోసి రక్తము తీసిరి; పాదరసపు మందును, నల్లమందును ఇచ్చిరి. ఎండిపోవుచున్న దేహమును మఱింత ఎండించిరి. ఆ చీకటిలో నొక మెఱుపు మెఱసినది. 1831లో ఓషానెస్సీ యను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తగ్గిపోవుచున్నవని కనుగొనెను. 1832లో స్కాట్లండులో థామస్ లాటా యను వైద్యుడు ఉప్పునీటిని నరములోనికెక్కించి, కడగంటి స్థితిలోనున్న కొందఱిని లేవనెత్తెను. కాని లాటా మఱుసటి యేడే మరణించెను. ఓషానెస్సీ మన దేశమునకు వచ్చి, ఇచ్చట తంతి తపాలాకు స్థాపకుడుగా ప్రసిద్ధికెక్కెను. వారు కనుగొన్న సత్యము పుస్తకములలో పడియుండెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున కలకత్తాలో లెనార్డ్ రోజర్సు మరల ఉప్పునీటి చికిత్సను పట్టుదలతో నడపించినదాక అది నిద్రించినది.

సంప్రదాయముగ చదువుకొన్నవాడను గావున, నేను మన శాస్త్రమును కూడ విచారించితిని. "లంకణము పరమౌషధము" అను మాట మన యిండ్లలో అందఱికిని కంఠస్థము. విషూచియందు మొదట లంఘనము చేయింపవలెనని చరకుడు చెప్పిన మాట నిజమే. కాని ఆచార్యుడు అచ్చటితో నాపలేదు. పిమ్మట ఆ రోగిని, విరేచనమునకు మందు పుచ్చుకొన్నవానిని చూచునట్లే చూడవలెనని చెప్పెను. విరేచనము చేసినవానికి ఏమి పెట్టవలెనో ఆ శాస్త్రమునందే వరుసగా నున్నది: ముందు పలుచని జావ, పిదప చిక్కని గంజి, తరువాత మెత్తని యన్నము. మనవారు మొదటి సగము పట్టుకొని రెండవ సగము విడిచిపెట్టిరి. సగము శ్లోకము చదివిన విద్యార్థిని నేను తరగతిలో నిలువబెట్టెడివాడను. సగము వాక్యము జ్ఞాపకముంచుకొన్న లోకము ఎందఱు పిల్లలను పోగొట్టుకొన్నదో యెవరు లెక్కింతురు?

మిగిలిన సగమును లోకమునకు తిరిగి తెచ్చినవారిలో వంగదేశీయులైన వైద్యులు ముఖ్యులు. 1953లో హేమేంద్రనాథ ఛటర్జీ యను కలకత్తా వైద్యుడు, ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని నోటితోనే త్రాగించి 186 మంది కలరారోగులకు చికిత్స చేసితినని ప్రకటించెను. 1959లో శంభునాథ డే యను కలకత్తా శాస్త్రజ్ఞుడు, కలరాక్రిమి పుట్టించు విషమే పేగులనుండి నీటిని బయటికి లాగుచున్నదని ప్రయోగపూర్వకముగ నిరూపించెను. అనగా త్రాగిన నీరు పోవుటలేదు. దేహములోని నీరే పోవుచున్నది. మా అమ్మమ్మ చెల్లెలిచుట్టు కూర్చున్నవారి తర్కము ఇచ్చట తలక్రిందులైనది. తరువాతి పరిశోధనలవలన మఱియొక రహస్యము తెలిసినది. వ్యాధి ముదిరినప్పుడు కూడ పేగు, చక్కెరతో కూడి వచ్చిన ఉప్పును గ్రహింపగలదు. ఉప్పువెంట నీరు లోపలికి పోవును. 1968లో ఢాకా నగరమున జరిగిన పరీక్షలలో ఈ పానీయమువలన నరములలోనికెక్కించు సెలైను అవసరము మిక్కిలి తగ్గునని తేలెను.

ఇక 1971వ సంవత్సరము. తూర్పు బెంగాలునుండి ప్రాణములరచేత పట్టుకొని లక్షలాది జనులు మన దేశములోనికి వచ్చిరి. సరిహద్దునందలి బనగాఁవ్ శిబిరములయందు కలరా చెలరేగెను. సెలైను సీసాలు నిండుకొనెను. నేలపై పడియున్న రోగుల నడుమ దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు నొక సాహసము చేసెను. గ్లూకోసు, ఉప్పు, వంటసోడా కలిపిన పొట్లములు కలకత్తాలో కట్టించి, శిబిరమునకు తెప్పించి, నీటిలో కలిపి, రోగుల తల్లులచేత, అక్కచెల్లెండ్రచేత గ్లాసులతో త్రాగించెను. నూటికి 30 మంది వఱకు మరణించుచున్న చోట ఆ సంఖ్య 4కు లోపునకు దిగెను. ఆయన 2022లో స్వర్గస్థుడయ్యెను. 2023లో మన ప్రభుత్వము మరణానంతరము పద్మవిభూషణ బిరుదమునిచ్చెను. ఆ పానీయమునే మనము నేడు ఓ.ఆర్.ఎస్. అనుచున్నాము. ఆనాడు చికిత్స చేసినవారు తల్లులు. వారికి కావలసినదెల్ల ఒక గ్లాసు, రాత్రియంతయు మేలుకొను నోపిక.

నేటి వేసవి వ్యాధులన్నియు కలరా కావు. కలరా కంటె చిన్నవి, సామాన్యమైన సూక్ష్మదర్శినికి కూడ చిక్కనివి, వైరసులు కలవు. 1968లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున, నార్వాక్ పట్టణమందలి యొక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకును ఉపాధ్యాయులకును ఒక్కసారిగ వాంతులు పట్టుకొనెను. 1972లో ఆ వైరసును చూడగలిగిరి. ఆ జాతికి నేడు నోరోవైరసు అని పేరు. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అను విదుషీమణియు, ఆమె సహచరులును పసిపిల్లల పేగులలో రోటావైరసును కనుగొనిరి. చలిదేశములలో ఈ వైరసులు శీతకాలముననే విజృంభించును. కావున ఋతువు వ్యాధికి మూలము కాదు. మాలిన్యము చేతినుండి నోటికి పోవు దారియే మూలము. ఆ దారి వేసవిలో మన దేశమున వెడల్పగును, అంతే. రోటావైరసును నివారించు చుక్కలమందొకటి మన హైదరాబాదునందే తయారై, 2016లో సార్వత్రిక రోగనిరోధక కార్యక్రమములోనికి వచ్చెను. మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంత జరిగినను భయము ఇంకను దారి తప్పుచునే యున్నది. వాంతులు పట్టిన పొరుగింటివైపు తొంగిచూడని వారిని నేను చూచితిని. విరేచనములగు బిడ్డకు చనుబాలు మాన్పించిన తల్లులను చూచితిని. నా యుపాధ్యాయత్వకాలమున, వేసవి సెలవులకు పిల్లలను పంపుచు, ప్రతి సంవత్సరము కడపటి పాఠముగ నొక లెక్క చెప్పెడివాడను. అదియే మీకును చెప్పెదను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో, ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైనచో కీడు. పంచదార ఎక్కువైనచో విరేచనములు హెచ్చును. అంగడిలో దొరకు పొట్లమున్నచో అదియే మేలు. వాంతి యైనచో పది నిమిషములాగి, మరల చెంచా చెంచాగా పోయవలెను. తల్లిపాలు మానరాదు. బిడ్డ మత్తుగ పడియున్నను, కన్నులు గుంటలుపడినను, మూత్రము జారీ కాకున్నను, మలములో రక్తము కనబడినను, త్రాగలేకున్నను ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. రోగికి పరిచర్య చేసినవారు సబ్బుతో, నీటితో చేతులు కడుగుకొనవలెను. చేతులకు పూసికొను స్పిరిటు ద్రవములు నోరోవైరసునకు చాలవు.

భయపడవద్దని నేను చెప్పను. భయము లేనివాడు నీరు కాచుకొనడు. కాని భయము కడవవద్ద నుండవలెను, కాలువవద్ద నుండవలెను, పాయిఖానానుండి వచ్చిన చేతివద్ద నుండవలెను. రోగి మంచమువద్ద నుండరాదు. దాహమని యడిగినవాని మంచమువద్ద మన చేతిలో గ్లాసు ఉండవలెను.

మా అమ్మమ్మ బ్రదికియున్నంతకాలము ప్రతి వేసవిలోను వీథి యరుగుమీద చలివేంద్రము పెట్టెడిది. నీరు కాచి, చల్లార్చి, గుడ్డ వడియగట్టి, క్రొత్తకుండలో పోసి, మూతవేసి, కుండలో చేయి ముంచనీయక, పొడుగుకాడ గరిటెతో తానే పోసెడిది. ఎవరు వచ్చినను ఏ యూరని యడుగలేదు, ఏ జబ్బని యడుగలేదు. ఎందుకింత శ్రమ యని మేమడిగినచో, బదులు చెప్పక, వచ్చినవాని దోసిటిలో నీరు పోయుచుండెడిది.

సెలవు.